మిగులు చప్పట్లు

గవరయ్య మాస్టారికి పక్షవాతం వచ్చిందని తెలిసినప్పుడు కొత్తరేవులో అందరూ ఆయన ఎడమచేతి గురించి బాధపడ్డారు. నాదవస్తు సంచాలక కార్యాలయం మాత్రం హార్మోనియం గురించి బాధపడింది. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. చెయ్యి మాస్టారిది, హార్మోనియం ప్రభుత్వానిది.

ఆయన కొత్తరేవు ప్రభుత్వ సంగీత పాఠశాలలో గాత్రం నేర్పుతాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మాట సవ్యంగానే ఉంది, నడక కాస్త ఈడుస్తోంది, గొంతు ఎప్పటిలాగే ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఎవరో దాచమని ఇచ్చిపోయిన వస్తువులా పక్కన వేలాడుతోంది. హార్మోనియానికి కుడిచెయ్యి మెట్లమీద ఆడుతుంటే ఎడమచెయ్యి వెనక తిత్తి కొట్టాలి. తిత్తి కొట్టే చెయ్యి లేకపోతే అది వట్టి చెక్కపెట్టె.

కొన్నాళ్లు ఆయన భార్య మంగతాయారు బడికి వచ్చి పక్కన కూచుని తిత్తి కొట్టింది. పాఠం బ్రహ్మాండంగా సాగింది. కానీ కార్యాలయానికి ఈ సంగతి ఎలాగో చేరింది. మంచి సంగతులు అక్కడికి చేరడానికి నెలలు పడతాయి గాని, ఇలాంటివి మర్నాటికే చేరతాయి.

ప్రిన్సిపాల్ హైమవతి గారు మాస్టారిని పిలిచి, పైనుంచి వచ్చిన మెమో గొంతు తగ్గించి చదివింది. "ప్రభుత్వ వాద్యములోనికి అనధికార వ్యక్తి గాలి కొట్టుట నిబంధనలకు విరుద్ధము. వాద్యము వాయింపజాలని బోధకుని ఈ విద్యాసంవత్సరాంతమున ఇన్‌వార్డు సెక్షనుకు మార్చి, తపాలాపై ముద్రలు వేయు పనికి వినియోగించవలెను. ముద్ర వేయుటకు ఒక చేయి చాలును."

మాస్టారిది సరిగమలు చెప్పి చెప్పి అరిగిన ప్రాణం. పిల్లలు పక్కగదిలో పాడుతుంటే తను గోడకివతల కవర్లమీద దబదబా ముద్రలు గుద్దుకుంటూ బతకాలట.

"నేనేం చెయ్యనండి మాస్టారూ," అంది హైమవతి గారు. ఆవిడ ఒకప్పుడు మంచి నర్తకి. ఇప్పుడు కళ్లతో అభినయించేదల్లా ఫైళ్లు చూసినప్పుడు పుట్టే శోకరసమే. "రెండు చేతులు అక్కర్లేని వాద్యం ఏదైనా ఉందా?"

"సింథసైజరని ఉందండి. కరెంటుదో, బ్యాటరీదో. గాలి కొట్టక్కర్లేదు. ఈ మధ్య చిన్నవి వస్తున్నాయంట, చవగ్గా."

"చవకదే కొనండి. చవకదైతే నా సంతకంతో అయిపోతుంది. ఖరీదైనదైతే ఫైలు పైకెళ్తుంది." పైకెళ్లిన ఫైళ్ల సంగతి ఆవిడ చెప్పలేదు. సీలింగు ఫ్యాను వంక చూసి ఊరుకుంది.

రాజమండ్రిలో వాద్యాల కొట్టతను మొదట ఓ పెద్దదాన్ని చూపించాడు. ఇద్దరు మనుషులు పట్టుకుని తెచ్చారు. మాస్టారు దాని ముందు కూచుని కుడిచెయ్యి ఇటు చివరనుంచి అటు చివరకి చాపబోతే కుర్చీతో సహా పక్కకి ఒరిగాడు. మంగతాయారు భుజం పట్టి నిలబెట్టింది.

"ఇది వాయించాలంటే ఈయన అటూ ఇటూ పరిగెత్తాలి బాబూ. చిన్నది చూపించు," అంది ఆవిడ.

రెండోది చిన్నదే. కానీ వీణ అని రాసి ఉన్న మీట నొక్కితే రేకు డబ్బాలో చింతపిక్కలు కదిపినట్టుంది. మరొకటి పలుకు బాగానే ఉంది గాని, వేలు మెత్తగా వేసినా గట్టిగా వేసినా ఒకే మోత. "దీనికి నా వేలు తెలీదు," అని మాస్టారు దాన్ని పక్కకి జరిపాడు. ఇంకోదానికి లోపల స్పీకరు లేదు, అది వేరే కొనాలట. మంగతాయారు ప్రతిదాన్నీ చేతుల్లోకి ఎత్తి, బిందె బేరం చేసే ధోరణిలో వెనక్కి తిప్పి, గోటితో తట్టి చూస్తోంది.

అప్పుడు కొట్టతను అటకమీంచి ఓ నల్లటిది దించాడు. వెడల్పు చూస్తే మంగతాయారు ఒళ్లో సరిపోతుంది. మెట్లు సన్నగా ఉన్నాయి గాని వేలి బరువు తెలిసి పలుకుతున్నాయి. స్పీకరు లోపలే ఉంది, బ్యాటరీలతో నడుస్తుంది. ఓ మీట నొక్కితే, వేలు తీసినా స్వరం ఆగదు. షడ్జమం, పంచమం అలా పట్టి వదిలేస్తే శ్రుతి దానంతటదే మోగుతూ ఉంటుంది, కుడిచెయ్యి స్వేచ్ఛగా పాట మీదికి పోవచ్చు. మాస్టారు మోహన రాగం అందుకున్నాడు. ఆసుపత్రి తర్వాత ఇంకొకరి సాయం లేకుండా తన చేతికింద స్వరం పలకడం అదే మొదలు.

"ఆ ఎడంపక్క చక్రం ఏంటి?" అంది మంగతాయారు.

"స్వరం జారడానికండి. ముందుకు తోస్తే పైకి, వెనక్కి లాగితే కిందికి," అన్నాడు కొట్టతను.

"గమకానికన్నమాట," అన్నాడు మాస్టారు. "మంచిదే. కానీ అది ఎడమచేతి పని కదా."

మంగతాయారు ఆయన ఎడమచేతిని ఎత్తి తెచ్చి, చూపుడువేలు ఆ చక్రంమీద పెట్టింది. చక్రం మరీ తేలిక. మాస్టారు పళ్లు బిగించాడు. వేలు ఇంత వణికింది. గాంధారం కూడా ఇంత వణికింది. ఆయన ఆగిపోయి తన వేలివంక చూశాడు.

"ఇంకోసారి," అంది మంగతాయారు.

ఇంకోసారి వణికింది. ఈసారి అది రోగం కాదు, సంగీతమే. మాస్టారి కళ్లమ్మట నీళ్లు కారిపోతుంటే కొట్టతను కంగారుపడి, "ఏమైనా కంప్లయింటా అండి? వేరే పీసు ఇప్పించమంటారా?" అన్నాడు.

"వద్దు బాబూ, ఈ పీసే," అంది మంగతాయారు, కొంగుతో ఆయన మొహం తుడుస్తూ.

తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొట్టతను ఇచ్చిన చెవితీగల్లో ఒకటి ఆయన చెవిలో, ఒకటి ఆవిడ చెవిలో పెట్టుకుని వచ్చారు. గోదావరి దాటుతుండగా మాస్టారు ఏదో వాయించాడు. పక్కసీటులో ఉన్నవాళ్లకి ఏమీ వినపడక, ఈ ముసలిదంపతులు తలకాయలు కలిపి ఎందుకు ఊగుతున్నారో అర్థం కాలేదు. ఆ రోజున్నంత సంతోషంగా ఆయన్ని మంగతాయారు పెళ్లిలో కూడా చూడలేదు.

ఆ సంతోషం మర్నాడు స్టోర్సు గది గుమ్మందాకా ఉంది.

స్టోర్సు గుమాస్తా ధనరాజు చాలా నమ్మకస్తుడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి స్టోర్సులో ఒక్క వస్తువు పోలేదు. ఒక్కటి బయటికి ఇచ్చిందీ లేదు.

"ఎన్ని వాద్యాలండి?" అని అడిగాడు కలం తీసి.

"ఒకటే కదయ్యా. కళ్లముందే ఉంది."

"కళ్లతో చూసేది కాదండి ఇది. మాన్యువల్లో ఏవుందంటే, దేనికి వేరే నాదం ఉందో అది వేరే వాద్యం. వెనకటికెవరో వీణనీ తంబురానీ కలిపి ఒకటే అని రాసేసరికి తంబురా కాస్తా మాయమైపోయిందంటండి. అప్పట్నించీ పెట్టేరు రూలు. మనం రాసిందా ఏటి? వాయించండి."

మాస్టారు ఒక్కో మీటా నొక్కుతుంటే ధనరాజు చెవి ఒగ్గి విని, ఒక్కోటీ రాసుకుంటున్నాడు. వీణ ఒకటి. సన్నాయి ఒకటి. వయొలిను ఒకటి. మృదంగం ఒకటి, దానికి ఏటా చర్మం మార్పించవలెను. ఇలా ఏ ఊళ్లోనూ పేరు వినని వాద్యాలతో సహా అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. మాస్టారికి వేలు నొప్పిపుట్టి ఆఖరి వరసలో మీటలు ఊరికే గబగబా నొక్కుకుపోయాడు. సముద్రం హోరుమంది. పిట్టలు కూశాయి. టెలిఫోను మోగింది. హెలికాప్టరు గదంతా తిరిగింది. చప్పట్లు మోగాయి. చివర్న ఢామ్మని తుపాకి పేలింది.

ధనరాజు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. తేరుకుని, కింద పడిన కలం తీసుకుని అడిగాడు. "ఇది సింగిల్ బ్యారెలా, డబలాండి?"

"తుపాకేంటయ్యా! ఉత్త శబ్దం. ఊరికే సరదాకి పెట్టారు."

"సరదాకి అని కాలమ్ లేదండి మాన్యువల్లో," అన్నాడు ధనరాజు, ఎంతో విచారంగా. "తుపాకి ఒకటి. హెలికాప్టరు ఒకటి. పిట్టలెన్ని ఉంటాయంటారు?"

మాస్టారు నెత్తి కొట్టుకుందామనుకున్నాడు గాని, ఉన్న ఒక్కచెయ్యీ మీటమీద ఉంది. తుపాకి ఉన్న వస్తువు తరగతిగదిలో ఉంచరాదు కనక ధనరాజు ఆ సింథసైజరుని ఇనపబీరువాలో పెట్టి తాళం వేశాడు. రూలు ప్రకారం ఎవరెవరికి తెలియజేయాలో వారందరికీ తెలియజేశాడు. తుపాకి సంగతి పోలీసులకి, పిట్టల సంగతి అటవీశాఖకి, హెలికాప్టరు సంగతి రోడ్ల శాఖకి. సముద్రం గురించి ఎవరికి రాయాలో తెలీక ఆగాడు.

మొదట ఎస్సై వచ్చాడు. అవి ఎన్నికల రోజులు. కోడు అమల్లో ఉన్నప్పుడు ఊళ్లో పెద్దమనుషులు తమ తుపాకులన్నీ తెచ్చి స్టేషన్లో అప్పగించాలి.

"లైసెన్సున్న తుపాకులే పెట్టించుకుంటున్నాం మాస్టారూ. లైసెన్సు లేనిది వదిలేస్తే నా ఉద్యోగం ఏంగావాలి?" అన్నాడు ఎస్సై మర్యాదగా. "పోనీ ఒక పని చెయ్యండి. తుపాకి ఒక్కటీ తీసి ఇచ్చేసి, మిగతాది మీరు ఉంచేసుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

"అది రాదండి. ఒకదాన్లో ఒకటి కలిసి ఉన్నాయి."

"అయితే అన్నీ రావాల్సిందే," అని ఎస్సై దాన్ని జీపెక్కించాడు.

మాస్టారు రోజూ సాయంత్రం స్టేషనుకి వెళ్లి, నాటుతుపాకుల మధ్య గోడకి ఆనించి ఉన్న తన సింథసైజరుని కటకటాల్లోంచి చూసి వస్తుండేవాడు. ఓ రోజు ఉండబట్టలేక వేలు చాపి ఒక్క మెట్టు తాకబోయాడు. కాపలా కానిస్టేబులు, "ఆయుధం ముట్టుకోకూడదండి," అన్నాడు. పాపం, నొచ్చుకుంటూనే అన్నాడు. మాస్టారి ఎడమవేలు ఇంట్లో మంచంపట్టెమీద దానంతటదే ఓ పిసరు కదిలేది. చక్రం లేక, నాలుగురోజులు పోయాక అదీ మానేసింది. విద్యాసంవత్సరం చివరికొస్తోంది. ఇన్‌వార్డు సెక్షనులో ఆయన కోసం కుర్చీ దులిపి ఉంచారని కూడా తెలిసింది.

ఆయన్ని ఆదుకున్నది పిట్టలు. అటవీశాఖ రేంజరు స్టేషనుకి వచ్చి, మీట నొక్కించి, కళ్లు మూసుకుని విని, "ఇవి పెంచుకోవడానికి వీల్లేని జాతేనండి," అని తేల్చాడు. "సరే, పైనుంచి ఉత్తర్వులొచ్చేదాకా మీ సంరక్షణలోనే ఉంచండి. కానీ గాలీ వెలుతురూ తగలాలి. తలుపు మూయకూడదు."

"తుపాకులున్న గది తలుపు తెరిచి ఉంచితే నన్ను ఇంటికి పంపిస్తారు," అన్నాడు ఎస్సై.

"పిట్టలున్న గది తలుపు మూస్తే మిమ్మల్ని జైలుకి పంపిస్తాను," అన్నాడు రేంజరు.

ఎస్సై చాలాసేపు ఆలోచించి, పిట్టలు ఎగిరిపోకముందే, సింథసైజరుని బడికి తిరిగి పంపించేశాడు. ప్రభుత్వంలో ఒక రూలు మనిషిని పట్టుకుంటే, విడిపించడానికి ఇంకో రూలే రావాలి.

అది తిరిగొచ్చేసరికి బడి ఆవరణలో రోడ్ల శాఖవాళ్లు సున్నంతో పెద్ద వలయం గీసి, మధ్యలో గుర్తు వేసి, చుట్టూ తాడు కట్టి ఉన్నారు. హెలికాప్టరున్న ప్రతి సంస్థకీ అది దిగేచోటు ఉండితీరాలట. నాట్యం నేర్చుకునే పిల్లలు వరండాలోకి వెళ్లిపోయి, ఒకరి జడ ఒకరికి తగలకుండా అడుగులేస్తున్నారు. హైమవతి గారు కిటికీలోంచి ఆ వలయాన్ని చూస్తూ, "మీకు వేణువు సరిపోయేది కాదా మాస్టారూ?" అంది దీనంగా.

"దానికీ రెండు చేతులు కావాలండి," అన్నాడు మాస్టారు.

ఆ వారంలోనే నాదవస్తు ఉపసంచాలకులు రాజ్యరమణ గారు స్వయంగా తనిఖీకి దయచేశారు. ఒక చిన్న పాఠశాలలో ఇంత ఆస్తి ఎలా పోగుపడిందో చూడాలని ఆయన కోరిక. శాలువా సర్దుకుని, కుర్చీలో కూచుని, "నాదమనగా ప్రజాధనము," అని ప్రారంభించారు.

మాస్టారు మోహన ఎత్తుకున్నాడు. ఇంత వింటే ఈయన మనసు కరుగుతుందని ఆయన ఆశ.

"రాగములు తరువాత. వస్తువులు చూపించండి," అన్నారు ఉపసంచాలకులు. తనిఖీ చేస్తూనే మాట్లాడటం ఆయన అలవాటు. "మన శాఖ సాధించిన ప్రగతి ఏమనగా, గత సంవత్సరమున్న వాద్యములన్నియు ఈ సంవత్సరమునను ఉన్నవి!"

సరిగ్గా అప్పుడే ధనరాజు వరుసలో తర్వాతి పేరు చదవడం, మాస్టారు ఆ మీట నొక్కడం జరిగాయి. గది చప్పట్లతో మారుమోగిపోయింది.

ఉపసంచాలకులు ఆగిపోయారు. వెనక్కి తిరిగి చూశారు. ఆయన ఉద్యోగజీవితంలో ఎన్నో ప్రసంగాలు చేశారు గాని, ఇంత మనస్ఫూర్తిగా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఎవరది?"

"ఎవరూ కాదండి. పెట్టెలోవి," అన్నాడు మాస్టారు.

"ఏదీ, మరొక్కసారి." ఆయన గొంతు సవరించుకుని ఆ ప్రగతి వాక్యం మళ్లీ చెప్పి చెయ్యెత్తారు. చప్పట్లు మళ్లీ మోగాయి. ఆయన మొహంలో చిన్నపిల్లాడి సంబరం కనిపించింది. ఆ తర్వాత ఆయన తుపాకి సంగతి గాని, పిట్టల సంగతి గాని అడగలేదు.

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. "ప్రజాప్రయోజనము దృష్ట్యా సదరు పరికరమందలి కరతాళధ్వని మినహా తక్కిన నాదములన్నింటిని లక్కతో ముద్రించవలెను. నాదమును వంకరపరచు చక్రమును కాగితము అంటించి బిగించవలెను. శ్రీ గవరయ్యను కరతాళ నిర్వాహకునిగా నియమించడమైనది. వీరు ఉపసంచాలకుల సమస్త సమావేశములకును పరికరముతో హాజరు కావలెను."

ధనరాజు కొవ్వొత్తి వెలిగించి, ఒక్కో మీటమీదా ఎర్రలక్క చుక్కలు పెట్టి ముద్ర నొక్కాడు. మాస్టారు పక్కన నిలబడి చూశాడు. వీణ మూతపడింది. సన్నాయి మూతపడింది. చక్రంమీద కాగితం అంటించేటప్పుడు మాత్రం ఆయన మొహం తిప్పుకున్నాడు.

తపాలా ముద్రలు తప్పాయి, పాఠమూ తప్పింది. సమావేశానికి వెళ్లడం, ఉపసంచాలకులు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా చప్పట్ల మీట నొక్కడం, మళ్లీ బస్సెక్కడం. ఎడమచెయ్యి మళ్లీ ఎప్పటిలాగే వేలాడుతోంది. బడిలో గాత్రం పిల్లలు ఖాళీ గదిలో కూచుని తలో శ్రుతిలో పాడుకుంటున్నారట.

"చేతికి పని లేదని ఏడ్చారు. ఇప్పుడు వేలికి ఉద్యోగం దొరికింది కదా," అని మంగతాయారు నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు. అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే పెట్టుకుని, "తపాలా ముద్రలే నయమే తాయారూ. అక్కడ కనీసం పెట్టె కళ్లముందు ఉండదు," అన్నాడు. ఆవిడ మర్నాటినుంచి ప్రతి సమావేశానికీ ఆయన వెంట తనే వెళ్లడం మొదలుపెట్టింది. ఆయన్ని బస్సెక్కించి దించడానికి మనిషి కావాలన్నది సాకు.

వేసవిలో శాఖ వార్షికోత్సవం జరిగింది. జిల్లాలోని బడులన్నిటినుంచీ ఉపాధ్యాయుల్ని, పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని బస్సుల్లో తరలించారు. కొత్తరేవు గాత్రం పిల్లలు కూడా హాల్లో మూలమూలలా కూచున్నారు. ఎండ పడకుండా కిటికీలకి మందపాటి తెరలు దించేశారు. వేదిక పక్కన ఓ చిన్న బల్ల, దానిమీద సింథసైజరు, వెనక మాస్టారు, పక్కన మంగతాయారు.

ఉపసంచాలకుల ప్రసంగం ప్రగతిదాకా వచ్చింది. "గత సంవత్సరమున్న వాద్యములన్నియు," అంటుండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, హాలంతా చీకటి. పసిపిల్లలు ఏడుపందుకున్నారు. జనం లేచి తలుపులవైపు తోసుకోవడం మొదలైంది.

"కూర్చోండి! నిర్వాహకుడేడీ? కరతాళం, కరతాళం!" అని చీకట్లోంచి ఉపసంచాలకుల గొంతు.

బ్యాటరీలది కనక సింథసైజరు బతికే ఉంది. మాస్టారు చప్పట్ల మీట నొక్కాడు. చీకట్లో, ఎవరూ ఏమీ చెప్పకుండా మోగిన ఆ చప్పట్లకి పిల్లలు ఇంకా జడిసి ఇంకా గట్టిగా ఏడ్చారు. ఎవరో పెద్దావిడ "అమ్మో, ఏవిటర్రా అది!" అని అరిచింది.

మాస్టారికి ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఆయన జీవితంలో ఓ పసిపిల్లని సంగీతంతో భయపెట్టింది అదే మొదటిసారి. వేలితో తడిమితే వేసవి వేడికి లక్క మెత్తబడి ఉంది. గోరు పెడితే ఊడొచ్చింది. శ్రుతి పెట్టాడు. వీణ మీట వెతికాడు. పక్కన చర్రుమని కాగితం చిరిగిన చప్పుడైంది. మంగతాయారు ఆయన ఎడమచెయ్యి ఎత్తి చక్రంమీద పెట్టింది.

మోహన మెల్లగా మొదలైంది. తలుపుల దగ్గర తోపులాట సద్దుమణిగింది. నిలబడ్డవాళ్లు నిలబడ్డచోటే ఆగారు. గాంధారంమీదికి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టాడు. ఎడమవేలు కాసేపు బండలా ఉండిపోయి, తర్వాత కదిలింది. హాలుకి ఓ మూలనుంచి కొత్తరేవు పిల్ల ఒకతె ఆ స్వరం పోల్చుకుని అందుకుంది. ఇంకో మూలనుంచి ఇంకొకరు అందుకున్నారు. ఎవరి మొహమూ ఎవరికీ కనపడని ఆ చీకట్లో మాస్టారు గొంతుల్నిబట్టే తన పిల్లల్నందర్నీ గుర్తుపట్టాడు. ఆయన తరగతి ఆయనకి తిరిగొచ్చింది.

పాట ముగిశాక మొదలయ్యాయి చప్పట్లు. అవి ఎంతకీ ఆగలేదు. కరెంటు వచ్చేసరికి జనం ఇంకా కొడుతూనే ఉన్నారు. వేదికమీద రాజ్యరమణ గారు నోరు తెరిచి, చెయ్యెత్తి నిలబడి ఉన్నారు. మాస్టారి కుడిచెయ్యి ఒళ్లో ఉంది.

విచారణ బడిలోనే జరిగింది. అభియోగం చాలా స్పష్టంగా ఉంది. "సదరు సభలో వినవచ్చిన కరతాళధ్వనులు స్టాకునందున్న కరతాళముకంటె అధికముగా ఉన్నవి. ఈ మిగులు ఎచ్చటినుండి వచ్చినదో నిర్వాహకుడు సంజాయిషీ చెప్పవలెను." స్టాకులో తగ్గితే దొంగతనం, పెరిగితే అంతకన్నా పెద్ద అనుమానం.

"జనం కొట్టారండి," అన్నాడు మాస్టారు.

"ఎవరి ఉత్తర్వుతో?" అన్నారు ఉపసంచాలకులు.

"ఉత్తర్వేం లేదండి. వాళ్లకి బాగుందనిపించి కొట్టారు."

ఉపసంచాలకులు ధనరాజు వంక చూశారు. ధనరాజు మాన్యువలు అటూ ఇటూ తిరగేసి, తల అడ్డంగా ఊపాడు. "అలాంటి కాలమ్ లేదండి. అప్పుడే చెప్పేను మాస్టారికి."

జనం తమంతట తాము చప్పట్లు కొట్టడం నిబంధనల్లో ఎక్కడా లేదు కనక అది జరగలేదని తేలింది. మరి చప్పట్లు వినపడ్డ మాట నిజం కనక అవి పెట్టెలోంచే కారి ఉండాలి. మీట నొక్కకుండానే చప్పట్లు కారిపోయే పరికరం ప్రమాదకరమని, రేపు తుపాకి కూడా అలాగే కారవచ్చని నిర్ణయించి, దాన్ని పనికిరాని వస్తువుగా ప్రకటించారు. వేలం వేశారు. కొనేవారికి తుపాకి లైసెన్సు, పిట్టలకి అనుమతి, హెలికాప్టరుకి సొంత మైదానం ఉండాలని షరతు. ఎవరూ రాలేదు. వేలంలో పోని పనికిరాని వస్తువుని ఆఖరుసారి వాడిన ఉద్యోగి చేతనే ఆవరణ వెలుపల పారవేయించాలని రూలు.

విరిగిన కుర్చీకాళ్లతో, ఎలకలు కొట్టిన ఆ పాత హార్మోనియంతో కలిపి ధనరాజు దాన్ని గేటుదాకా తెచ్చాడు. "ఒక్కచేత్తో పారెయ్యగలరా మాస్టారూ?" అన్నాడు ఆదుర్దాగా.

"ప్రయత్నిస్తానయ్యా," అన్నాడు మాస్టారు.

గేటుకి అవతల మంగతాయారు పెద్ద సంచీ నోరు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. ధనరాజు కలం తీసి, 'వస్తువు వెలుపల పడుట స్వయముగా చూచితిని' అని రాసి సంతకం పెట్టాడు. ఎందులో పడిందో రాయడానికి మాన్యువల్లో చోటు లేదు.

మర్నాడు పొద్దున మాస్టారు ఆ సంచీ భుజాన వేసుకుని బడికి వచ్చాడు. హైమవతి గారు వరండాలో ఎదురైంది. సంచీలోంచి నల్లటి అంచు, దానిమీద ఎర్రలక్క మరకలు కనిపిస్తున్నాయి.

"బడిలోకి సొంత వాద్యం తేవడానికి అనుమతి కావాలి మాస్టారూ," అంది.

"తెలుసండి."

"కరెంటువి అసలు తేకూడదు."

"అదీ తెలుసండి."

"చెత్త తేవడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు," అంది ఆవిడ. ఎన్నాళ్లకో ఆవిడ కళ్లలో శోకం కాని రసం మెరిసింది. "పిల్లలు ఎదురుచూస్తున్నారు, వెళ్లండి. మీరు వాయించగలుగుతున్నారని నేను రాసి పంపుతాను. ఏంతో వాయిస్తున్నారో వాళ్లు అడిగినప్పుడు చూద్దాం."

ఆవరణలో హెలికాప్టరు వలయం వానకి సగం చెరిగిపోయింది. నాట్యం పిల్లలు దాని మధ్యలోకి వచ్చి గిరగిరా తిరుగుతున్నారు. గదిలో మాస్టారు బల్లమీద సింథసైజరు పెట్టాడు. శ్రుతి వదిలాడు. తన ఎడమచేతిని తనే కుడిచేత్తో ఎత్తి చక్రంమీద పెట్టుకున్నాడు. పిల్లలందరూ ఒక్క శ్రుతిలోకి వచ్చారు. పాట అయ్యేసరికి ఆయన చెంపలు తడిసిపోయి ఉన్నాయి, ఆయన వాటిని తుడుచుకోలేదు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకా కొట్టారు. మాస్టారు కంగారుగా ఒకసారి స్టోర్సు గదివైపు చూసి, వేలు పెదాలమీద పెట్టుకున్నాడు.

"నెమ్మదిగా కొట్టండర్రా," అన్నాడు. "మిగులు తేలుతుంది."